మధ్యాహ్నం రెండున్నర, చుక్కలున్నాయి

ఆ తెల్లవారుజామున ఆకాశంలో ఉత్తరం మూలకు మాత్రమే మెలకువ వచ్చింది. తూర్పు ఇంకా చీకటిగానే ఉంది. ధాన్యం గోదాము కొప్పు పైన, బెత్తెడు ఎత్తున, ఒక మబ్బు వెలుగుతోంది. నీలం కలిసిన తెలుపు. మా ఊరి గుండ్లకమ్మ ఏట్లో నీళ్ళు తీసినాక ఇసుక మీద మిగిలే గీతల్లాంటి గీతలు దాని నిండా ఉన్నాయి. మామూలు మబ్బులు రెండు దాని ముందు నుంచి నల్లగా పోతున్నాయి, దీపానికి అడ్డంగా మనుషులు నడిచినట్టు. కాసేపు చూశాను. గాలి పొడిగా ఉంది. మట్టి వాసన లేదు. లోపలికి వచ్చి నోటుబుక్కులో రాశాను.

“ఆరుద్ర కార్తె, మూడో రోజు. మధ్యాహ్నం రెండున్నర. చుక్కలున్నాయి. ఉత్తరాన వెలిగే మబ్బు, అలల గీతలు, బెత్తెడెత్తు. వాన లేదు.”

రాసి మొహం కడుక్కున్నాను. నా తప్పంతా ఆ చివరి రెండు మాటల్లో ఉందని తెలియడానికి పదిహేడు రోజులు పట్టింది.

మధ్యాహ్నం రెండున్నరకు చుక్కలేమిటని అడగవచ్చు. మేం ఉన్నది అమెరికాలో, ఫార్గో అనే ఊళ్ళో. నా చేతి గడియారం మాత్రం ఒంగోలు టైము చూపిస్తుంది. వచ్చిన రోజునే మా అమ్మాయి గౌరి ముల్లు తిప్పబోతే వద్దన్నాను. ఇక్కడి టైము గోడ మీద ఉంది, పొయ్యి మీద ఉంది, కారులో ఉంది. మా గేదెలు పాలిచ్చే వేళ ఎక్కడా లేదు. అది నా చేతికైనా ఉండాలి కదా. ఇక్కడ తెల్లవారుజాము నాలుగంటే అక్కడ మధ్యాహ్నం రెండున్నర. నాకు రెండూ తెలుసు. ఇంకొకరు చదువుతారనుకుని రాయలేదు.

అది రెండువేల పదో సంవత్సరం వేసవి. గౌరికి గోధుమ విత్తనాలు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం. అల్లుడు ప్రాజెక్టు మీద దూరాన క్యారీ అనే ఊళ్ళో ఉంటాడు. నేనూ నా భార్య కృష్ణకుమారీ ఆరు నెలలు ఉండి వెళదామని వచ్చాం. కింద బేస్‌మెంటులో అలేఖ్య అనే అమ్మాయి ఉండేది. హుజూరాబాద్ వైపు పిల్ల. ఎమ్మెస్ ఆఖరు. మెట్లు ఎక్కితే మూడేసి ఎక్కుతుంది, మాట్లాడితే ఊపిరి తీసుకోదు.

నేను మూడున్నరకు లేస్తాను. నలభై ఏళ్ళు గేదెలు లేపాయి. సముద్రాలు దాటి వచ్చినా అవి లేపడం మానలేదు. వెనక మెట్ల మీద కూర్చుని ముందు ఆకాశం చూస్తాను, తరువాతే నీళ్ళు ముట్టుకుంటాను. అది మా నాన్న అలవాటు. చూసింది రాయడం నా అలవాటు. అయిదో తరగతిలో విశ్వనాథం మేష్టారు చేయించారు. చూసింది రాయరా, అనుకున్నది రాయకు అనేవారు. మాట్లాడమని మాత్రం ఎవరూ చెప్పలేదు. నా మాటల లోటు మీద కృష్ణకుమారి చాలా మాట్లాడుతుంది. “మా పెళ్ళిలో పంతులు గారు చెప్పమన్న మంత్రాలకు కూడా ఈయన పెదాలాడించారు గానీ గొంతు రాలేదు. ఈ పెళ్ళి చెల్లుతుందో లేదో ఇప్పటికీ అనుమానమే” అని ఎవరు వచ్చినా చెబుతుంది.

అలేఖ్య రోజూ రాత్రి పదింటికి పెరట్లో మూడుకాళ్ళ పీట మీద కెమెరా పెట్టుకుని, దోమలను కొట్టుకుంటూ, ఉత్తరానికి తిరిగి నిలబడేది. అప్పటికి నాకు ఒక నిద్ర అయిపోయేది. ఎందుకు నిలబడుతున్నావమ్మా అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. ఒకే ఆకాశానికి ఇద్దరం కాపలా కాశాం. సందెకు ఆమె, వేకువకు నేను. మధ్యలో ఒకరికొకరం అప్పగించుకోలేదు.

జూలై రెండో ఆదివారం ఆ పిల్ల మెట్లు ఒక్కొక్కటే ఎక్కి పైకి వచ్చింది. అప్పుడే నాకు సంగతి బాగాలేదని తెలిసింది. కృష్ణకుమారి దోసె వేసి ముందు పెట్టింది.

“తిను. మొహం అట్లా ఉందేం?”

“ఒక్క సైటింగ్ కూడా రాలే ఆంటీ. నలభై రోజులు నిలబడ్డ.”

“ఎవరు రాలేదు? పెళ్ళిచూపులా?”

“మబ్బు ఆంటీ, మబ్బు!”

అప్పుడు చెప్పింది. ఆమె థీసిస్ అంతా ఒక రకం మబ్బు గురించి. రాత్రి వెలిగే మబ్బు. దాన్ని మొదట చూసినవాళ్ళు ఎట్లా చూశారు, ఎట్లా కొలిచారు అన్నది ఆమె రాస్తోంది. ఆ పాత పద్ధతిలోనే తను కూడా ఒకసారి కొలిచి చూపించాలి. అది ఆఖరి అధ్యాయం. ఆ మబ్బు జూన్, జూలైల్లో తప్ప కనిపించదు. జూలై ముప్ఫై ఒకటికి థీసిస్ ఇవ్వకపోతే డిగ్రీ ఆగస్టులో రాదు, డిసెంబరుకు పోతుంది. పార్సిప్పనీ అనే ఊళ్ళో ఆమెకు ఉద్యోగం ఇస్తామన్నవాళ్ళు ఆగస్టు దాటితే ఆగం అన్నారు.

“మబ్బుకేనా ఈ ఏడుపు?” అంది కృష్ణకుమారి. “ఈయన పుస్తకం నిండా మబ్బులే. నలభై ఏళ్ళ సంసారంలో నా పేరు ఒక్కసారి రాయలేదు గానీ, మబ్బు పోతే దాని ఊరూ పేరూ రాసి పంపిస్తారు.” పోయి నా నోటుబుక్కు తెచ్చి దోసె పక్కన పడేసింది.

అలేఖ్య రెండు పేజీలు తిప్పి నవ్వింది. “అంకుల్, మధ్యాహ్నం చుక్కలేంది? ఎవరు చూపించిన్రు మీకు, ఆంటీనా?”

గడియారం చూపించాను. ఇంకా నవ్వింది. నవ్వుతూ ఇంకో పేజీ తిప్పి ఆగిపోయింది.

“ఉత్తరాన వెలిగే మబ్బు. అలల గీతలు.” చదివి తలెత్తింది. “అంకుల్, ఆరుద్ర మూడంటే జూన్ ఇరవై నాలుగా?”

తలూపాను.

“ఇగో మళ్ళ, ఆరుద్ర తొమ్మిది. పునర్వసు నాలుగు. మూడుసార్లు!”

“నాలుగు” అన్నాను. “ఒక రోజు పెన్ను కనపడలేదు.”

“నేను కిందనే పండుకున్న గదా అంకుల్! ఇరవై మెట్లు! ఎందుకు లేపలే?”

“వాన పడే మబ్బు కాదమ్మా.”

ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పాల్సి వచ్చింది. మా వైపు మాఘం, ఫాల్గుణాల్లో కళ్ళాల మీద మిరపకాయలు ఆరుతూ ఉంటాయి. వేకువన మబ్బు చూసి ఎవరినైనా లేపామంటే పట్టాలు కప్పాలని అర్థం. లేచినవాడు ఎందుకని అడగడు, పట్టా కోసం పరిగెడతాడు. కప్పే పని లేని మబ్బుకు నిద్ర చెడగొడితే బూతులు తిడతాడు. మబ్బు అందంగా ఉందని మనిషిని లేపినవాణ్ణి మా ఊళ్ళో నేను ఎరగను. ఇంత మాట్లాడేసరికి నాకు దాహం వేసింది.

“ఈ వారానికి సరిపడా మాటలు అయిపోయినయి” అంది కృష్ణకుమారి.

అలేఖ్య ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. దోసె తుంచి నోట్లో పెట్టుకుని, తింటూనే ఆ మబ్బు కథ చెప్పింది.

వెయ్యీ ఎనిమిది వందల ఎనభై మూడులో జావా దగ్గర క్రకటోవా అనే అగ్నిపర్వతం పేలింది. ఆ దుమ్ము ఆకాశమంతా పాకి, రెండు మూడేళ్ళు సందెలు ఎర్రగా మండాయట. మన మద్రాసు వైపు కొన్నాళ్ళు సూర్యుడు ఆకుపచ్చగా కూడా కనపడ్డాడట. ఆ సందెలు చూడటానికి ఐరోపాలో జనం రోజూ పొద్దు కుంకినాక బయట నిలబడటం అలవాటు చేసుకున్నారు. అట్లా నిలబడ్డవాళ్ళకు ఎనభై అయిదు జూన్‌లో ఈ మబ్బు కనిపించింది. జర్మనీలో రాశారు, రష్యాలో రాశారు, ఇంకొన్ని చోట్ల రాశారు. బెర్లిన్‌లో ఒట్టో యెస్సె అనే ఆయన ఎనభై ఏడులో దానికి ఫొటో తీశాడు. తరువాత ఒకే నిమిషంలో వేరువేరు ఊళ్ళ నుంచి తీయించి, ఆ తేడాతో ఎత్తు లెక్కకట్టాడు. ఎనభై రెండు కిలోమీటర్లు. వాన మబ్బు పదిహేనో పదహారో దాటదట. అంత ఎత్తున ఉంది కాబట్టే, మనకు చీకటి పడినా దానికి ఎండ తగులుతుంది.

“ఎనభై అయిదుకు ముందు ఎవ్వరూ రాయలేదంకుల్. అంతకుముందు ఆ మబ్బు ఉందా, లేదా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నరు సైంటిస్టులు.”

“ఉండే ఉంటుంది” అంది కృష్ణకుమారి. “ఈయనలాంటివాడు ఎవడో చూసి, వాన లేదని మొహం కడుక్కుని ఉంటాడు.”

నాకు మా తాత తండ్రి గుర్తొచ్చాడు. ఎనభై మూడులో ఆయన ఒంగోలు దగ్గరే ఉన్నాడు. ఆకుపచ్చ పొద్దు చూసే ఉంటాడు. ఇంట్లో ఒక్కరికీ చెప్పి ఉండడు. మా వంశం అంతే.

“అంకుల్, ఈ బెత్తెడు అంటే ఎన్ని డిగ్రీలు?”

నాకేం తెలుసు. చెయ్యి చాచి చూపించాను. నాలుగు వేళ్ళు అడ్డంగా పెడితే బెత్తెడు. బొటనవేలి నుంచి చిటికెన వేలికి జాన. నోటుబుక్కులో మొదటి పేజీ తీసి ఇచ్చాను. ఈ ఊరు వచ్చిన మొదటి రోజున రాసింది. ధ్రువుడు మా ఊళ్ళో నేల నుంచి జానెడు కూడా ఉండడు. ఇక్కడ రెండు జానలూ పైన ఒక బెత్తెడూ ఎక్కి కూర్చున్నాడు. ఎందుకో తెలియక రాసి పెట్టుకున్నాను.

ఆ పిల్ల స్కేలు తెచ్చి నా చెయ్యి కొలిచింది, భుజం నుంచి కొలిచింది, ఏవో లెక్కలు వేసింది. “నలభై ఏడు!” అని అరిచింది. “ఫార్గో నలభై ఏడు డిగ్రీల అక్షాంశం మీదనే ఉంది, ధ్రువుడు గూడ అంతే ఎత్తుండాలె అంకుల్. మీ చెయ్యి కరెక్టు!”

“చెయ్యి కరెక్టే. నోరే” అంది కృష్ణకుమారి.

ఆ రోజు నుంచి అలేఖ్య వేకువ కాపలాకు మారింది. ఇంతకుముందు సందెను ఎంచుకున్నది పవన్ కోసమట. పవన్ ఆమె క్లాస్‌మేటు. ఉత్తరాన ఎనభై మైళ్ళ దూరంలో గ్రాండ్ ఫోర్క్స్‌లో ఉండి రెండో కెమెరా చూసుకునేవాడు. అతనికి తెల్లవారుజామున క్యాంటీన్ డ్యూటీ. ఇప్పుడు డ్యూటీ మార్పించుకుంటానన్నాడు. మార్పించుకున్నాడు కూడా.

మబ్బే మారలేదు. పది రోజులు వరసగా వాన మబ్బులు. ఉరుములు, మెరుపులు. నేను నాలుగింటికి మెట్ల మీద కూర్చుంటే అలేఖ్య దుప్పటి కప్పుకుని పక్కన కూర్చునేది. “ఇది పడతదా అంకుల్?” అనేది. “పడుతుంది” అనేవాణ్ణి. పడేది. “మీరు బాగా చెప్తరు అంకుల్, కొంచెం తప్పు చెప్పండి” అని బతిమాలేది.

ఇరవై రెండున పవన్ ఫోన్ చేశాడు. కాలిఫోర్నియాలో డబ్లిన్‌లో జాబ్ వచ్చింది, రేపే ఫ్లైట్, సారీ అన్నాడు. అలేఖ్య ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

“గ్రాండ్ ఫోర్క్స్‌కు నేను పోత. ఇక్కడ మీరు చూడాలె.”

“గౌరి ఉందిగా.”

“అక్క శుక్రవారం క్యారీ పోతుంది బావ దగ్గరికి.”

శుక్రవారం సాయంత్రం పెరట్లో కెమెరాను ఉత్తరానికి తిప్పి బిగించింది. దాని నుంచి ఒక తీగ, తీగ కొసన మీట. నిమిషానికొకసారి నొక్కితే చాలు. ఫోన్‌లో ఒకటి నొక్కితే ఆమె పలుకుతుంది. చేత్తో కొలిచి, టైము చూసి, ఆమెకు చెప్పాలి. లెక్క చూశాను. మీటకు ఒక చెయ్యి, ఫోన్‌కు ఒక చెయ్యి, మబ్బుకు ఒక చెయ్యి.

“ఆంటీని లేపండి” అని, కారెక్కి పోయింది.

శనివారం మూడూ యాభైకి బయటికి వచ్చాను. ఆకాశం కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. గోదాము పైన ఇంకా ఏమీ లేదు. దూరంగా గూడ్సు బండి కూత వేసి పోయింది. తరువాత ఒక గీత కనిపించింది, తెల్లగా, దారమంత. కళ్ళు నులుముకుని చూసేసరికి గీతలు పది. వెనక్కు పరుగెత్తాను. ఆ ఇంట్లో నేను పరుగెత్తడం అదే మొదటిసారి.

“లే. మబ్బు.”

కృష్ణకుమారి ఒక్క ఉదుటున లేచింది. “పట్టా ఎక్కడ? ఆ చివరి కళ్ళం ముందు కప్పండి, తాలుకాయ సంగతి తరువాత!” జుట్టు ముడేసుకుంటూ గుమ్మం దాటి, పెరట్లో గడ్డి మీద నిలబడి అటూ ఇటూ చూసింది. “మిరపకాయలేవండీ?”

మీట చేతిలో పెట్టాను. ఉత్తరం చూపించాను. ఆమె చూసింది. “అబ్బ” అంది. మీట మీద బొటనవేలు పెట్టింది.

ఫోన్ ఒక్క మోగుకే అలేఖ్య ఎత్తింది.

“నాకు కూడా కనిపిస్తుంది అంకుల్! మాట్లాడండి. ఆపకండి. ఏది కనిపిస్తే అది చెప్పండి, మీకు దండం పెడత!”

చెప్పాను. కింది అంచు గోదాము కొప్పుకు రెండు వేళ్ళ పైన ఉందన్నాను. పై అంచు బెత్తెడు. పడమటి కొస తెగి ఉంది. తూర్పు వైపు గీతలు దువ్విన జుట్టులా ఉన్నాయి, నడిమధ్య చిక్కు పడినట్టు ఒక ముడి ఉంది.

“ఆ ముడి నాకు కూడా కనిపిస్తుంది! దానికి తోకలాగ ఉందా?”

“ఉంది. కుడివైపుకు.”

“అదే పట్టుకోండి. ఎంత ఎత్తు?”

“మూడు వేళ్ళు. నాలుగో వేలు సగం.”

“నాకు పదిన్నర డిగ్రీలు. టైమెంత?”

“రెండూ ముప్ఫై ఏడు.”

“మధ్యాహ్నమా?”

“మధ్యాహ్నం.”

“మంచిది, మధ్యాహ్నమే. చెప్పండి, చెప్పండి!”

చెబుతూనే ఉన్నాను. ముడి విడిపోవడం చెప్పాను. మళ్ళీ ఇంకో చోట పడటం చెప్పాను. రంగు చెప్పాను, మా ఊరి ఉప్పుమడిలో వెన్నెల పడితే వచ్చే రంగని. అది ఆమెకు అక్కరలేదేమో. అయినా చెప్పాను. వెనక కృష్ణకుమారి నొక్కుతున్నా, నొక్కుతున్నా అంటూ దోమలను కొడుతోంది. తూర్పు తెల్లబడి మబ్బు అందులో కరిగిపోయేదాకా ముప్పావు గంట చెప్పాను.

ఏడింటికల్లా అలేఖ్య వచ్చేసింది. కారు సరిగా ఆపకుండానే దిగి, కెమెరాలో కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టింది. ముగ్గురం చూశాం. ముప్ఫై ఎనిమిది ఫొటోలు వచ్చాయి. ముప్ఫై ఎనిమిదింటిలోనూ నా బట్టతల వెనక భాగం ఉంది. దాని పైన, మబ్బుకు అడ్డంగా, చాచిన నా చెయ్యి ఉంది.

అలేఖ్య ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది.

“అంకుల్. ఇదేంది?”

“నా చెయ్యి.”

“కనిపిస్తుంది.” కృష్ణకుమారి వైపు తిరిగింది. “ఆంటీ, అంకుల్ అడ్డం నిలబడ్డరని మీకు కనిపించలేదా?”

“ఎందుకు కనిపించలేదు?”

“మరి జరగమని చెప్పలేదేం?”

“ఆయన మాట్లాడుతున్నారమ్మా” అంది కృష్ణకుమారి. “పెళ్ళయిన నలభై ఏళ్ళకు మా ఆయన ముప్పావు గంట ఆపకుండా మాట్లాడుతుంటే, జరగండి అని నేను మధ్యలో ఆపుతానా? నీ మబ్బు మళ్ళీ ఏడు వస్తుంది. ఇది మళ్ళీ వస్తుందా?”

అలేఖ్య ఆమెను చూసింది. నన్ను చూసింది. ఫొటోలను మొదటి నుంచి మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది. ఒకచోట ఆగింది. రెండూ ముప్ఫై ఏడు ఫొటో. నా నాలుగు వేళ్ళు అడ్డంగా ఉన్నాయి. నాలుగో వేలు కొంచెం దించి పెట్టాను. దాని పైన సరిగ్గా ఆ ముడి, తోకతో సహా, బయటికి చూస్తోంది. పైన రెండు చుక్కలు కూడా పడ్డాయి. ఆ చుక్కల నుంచి ముడికి కొలతలు తీసుకుంది. తన ఫొటో పక్కన పెట్టింది. కాగితం మీద చాలాసేపు గీసింది. నేను గోళ్ళలో మట్టి చూసుకుంటూ కూర్చున్నాను. అంతకన్న చేసే పని లేదు.

“ఎనభై ఆరు” అంది చివరికి. “ఎనభై ఆరు కిలోమీటర్లు వచ్చింది. ఐదారు అటూ ఇటూ.”

“ఆ బెర్లిన్ ఆయనకు?”

“ఎనభై రెండు.”

“నాలుగు ఎక్కువ చెప్పానా?”

“మీరు ఎక్కువ చెప్పుడు ఇదే ఫస్ట్ టైం అంకుల్” అంది. అని నవ్వింది. నవ్వుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు.

ఫొటో, లెక్క రెండూ గైడుకు పంపింది. శనివారమైనా అరగంటలో జవాబు వచ్చింది. చదివి వినిపించింది. ఆఖరి అధ్యాయానికి ఇది చాలు, సోమవారానికి రాసి పంపు. కిందన ఇంకో ముక్క ఉంది. ఆ చెయ్యి ఎవరిది?

“ఏమని రాయాలె అంకుల్?”

“రాయకు.”

“రాయి” అంది కృష్ణకుమారి. “లక్ష్మీపతి గారిది, ఒంగోలు దగ్గర అని రాయి. మీట నొక్కింది ఎవరని వాళ్ళు అడగలేదు గదా, దాన్ని వదిలెయ్యి.” చెంగు దులుపుకుని వంటింట్లోకి పోయింది.

నేను నోటుబుక్కు తెచ్చుకున్నాను.

“పుష్యమి అయిదో రోజు. మధ్యాహ్నం రెండూ ముప్ఫై నుంచి. ఉత్తరాన వెలిగే మబ్బు, మూడు వేళ్ళ ఎత్తున ముడి. మీట నొక్కింది కృష్ణకుమారి. వాన లేదు.”

సిరా ఆరాలని పుస్తకం బల్ల మీద తెరిచే ఉంచాను. కృష్ణకుమారి చద్దన్నం గిన్నె తెచ్చి దాని పక్కన పెట్టబోయి ఆగింది. వంగి చదివింది. ఏదో అంటుందని ఎదురుచూశాను. పుస్తకం మూసి, పైన తడి తగలకుండా కిటికీ దగ్గర పెట్టి వచ్చింది.

ముగ్గురికీ వడ్డించింది. చద్దన్నంలో గడ్డపెరుగు, పచ్చి ఉల్లిపాయ, మాగాయ ముక్క. నా పళ్ళెంలో పెరుగు ఒక గరిటె ఎక్కువ పడింది. అలేఖ్య కుర్చీ మీద కాళ్ళు మడుచుకుని కూర్చుని కలుపుకుంది. బయట ఎండ గడ్డి మీదికి వచ్చింది. ఉల్లిపాయ కొరికిన చప్పుడు తప్ప, తిన్నంతసేపూ ఎవరమూ ఏమీ మాట్లాడలేదు.